కోటి ఎవరికి? కూలి ఎవరికి?

2024 మే నెల. ఎండలు దంచి కొడుతున్నయ్. హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర కడుతున్న ఒక బిల్డింగు కాడ ఒక పెద్దమనిషి కూలి పని చేసుకుంట కనిపించిండు. తెల్లారి పత్రికల్ల వచ్చింది, టీవీల్ల వచ్చింది. ఆ పెద్దమనిషి దర్శనం మొగిలయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకొని పండుగ సాయన్న కథ చెప్పే మనిషి. 2022ల పద్మశ్రీ వచ్చిన మనిషి.

అదే 2022 జనవరిల అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు కోటి రూపాయలు, హైదరాబాద్‌ల ఇంటి జాగ ఇస్తమని ప్రకటించింది. కోటి వచ్చింది. పిల్లల పెండ్లిళ్లకు, కొంత జాగకు, సగంల ఆగిపోయిన ఇంటికి అది ఒడిసిపోయిందని ఆయన నోటితోనే చెప్పుకున్నడు. సర్కారు ఇస్తనన్న జాగ అప్పటికి చేతికి రాలేదు. నెల నెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయింది. అంతే! పద్మశ్రీ పార పట్టింది.

ఏడాది తిరిగింది. 2025 జూన్ 14న మాదాపూర్ హైటెక్స్‌ల లైట్లు వెలిగినయ్. తెలంగాణ గద్దర్ సినిమా అవార్డుల పండుగ. 2014 నుంచి పదేండ్ల సినిమాలను వెనుకకు తవ్వి మరీ పురస్కారాలు ఇచ్చిన్రు. వందల కోట్లు పెట్టి తీసిన సినిమాలకు, కోట్ల పారితోషికం తీసుకునే హీరోలకు జ్ఞాపికలు, నగదు. ఇంకో నెల గడిచింది. బోనాల నాడు, 2025 జూలై 20న, ఆస్కార్ పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్‌కు కోటి రూపాయల ప్రకటన వచ్చింది.

ఇప్పుడు మేం అడిగేది ఒక్కటే ప్రశ్న. సర్కారు సొమ్ముతోని ఇచ్చే పెద్ద పురస్కారం ఎవరికి చెందాలె? ఎందుకు చెందాలె? ఆ లెక్క ఎవరు కడుతున్నరు?

ముందుగాల ఒక మాట స్పష్టంగ చెప్తం. ఇది కడుపుమంట కాదు. 2023 మార్చిల 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన పొద్దు మేం గూడ చప్పట్లు కొట్టినం. ఆ పాట రాసిన చంద్రబోస్‌ది మన చల్లగరిగె. పాడిన రాహుల్ మన పట్నం బస్తీల పెరిగిన పిలగాడు. వాళ్లు ఎవరి దయతోని ఎక్కిన మెట్లు కావు అవి. సినిమా గూడ కళనే, కాదన్నోడు మూర్ఖుడు. మా పేచీ కళాకారుల తోని కాదు, కొలిచే తక్కెడ తోని. రాహుల్‌కు కోటి ఎక్కువనా తక్కువనా అని మేం అడుగుతలేం. ఆ కోటికి ఏ రూలు? ఏ కమిటీ? ఇంకెవరి పేర్లు చూసిన్రు? ఎవరిని కాదన్నరు? అని అడుగుతున్నం. జవాబు ఉందా? లేదు. వేదిక మీద నోటి మాటగ వచ్చిన కోటి, ప్రభుత్వం మారితే నోటి మాటగనే పోతది.

వద్దన్నోని పేరు మీద

గద్దర్ పేరు సినిమా అవార్డులకు పెడుతున్నమని 2024 జనవరి 31న, ఆయన జయంతి నాడు ప్రకటించిన్రు. మంచిదే. 1964ల మొదలైన నంది పురస్కారాలు ఉమ్మడి రాష్ట్రం నాటివి. కొత్త రాష్ట్రానికి కొత్త పేరు కావాలె. గద్దర్ కన్న పెద్ద పేరు ఎక్కడ దొరుకుతది?

గని ఒక్క సంగతి యాది చేసుకుందాం. 1995ల వచ్చిన 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది ఇస్తమంటే వద్దన్న మనిషి గద్దర్. గొంగడి, కట్టె, గజ్జె, గొంతు తోని పల్లె పల్లె తిరిగినోడు. ఆయన పేరు మీద పురస్కారం అంటే మొదలు ఎవరికి పోవాలె? ఒగ్గు పూజారికి పోవాలె. శారద కథ చెప్పే తంబూరకు పోవాలె. యక్షగానం ఆడే చిందు మేళానికి పోవాలె. డప్పు మీద దరువు నేర్పే ఊరి పెద్దకు పోవాలె. పోయింది ఎక్కడికి? వెండితెరకు! పేరు పల్లెది, పండుగ పట్నానిది. పేరు గొంగడిది, పైసలు జరీ కండువావి.

సినిమాలకు అవార్డులు వద్దని మేం అంటలేం. టిక్కెట్ల మీద కోట్లు వచ్చే కళకు జ్ఞాపిక చాలు, శాలువా చాలు. మంచి సినిమా తీసి నష్టపోయినోనికి, మొదటి సినిమా తీసే పేదింటి పిలగానికి పైసలు ఇయ్యున్రి, మేమే ముందు నిలబడి చప్పట్లు కొడతం. గని నిండిన కుండల నీళ్లు పోసుడు ఏం దానం? పక్కన కుండ పర్రె ఇచ్చి ఎండుతుంటే కండ్లు మూసుకునుడు ఏం ధర్మం?

చచ్చినోని కండ్లు చారెడు

మన దిక్కు ఒక సామెత ఉంది, చచ్చినోని కండ్లు చారెడని. మన పురస్కారాల చరిత్ర మొత్తం ఈ సామెత కిందికే వస్తది.

సురవరం ప్రతాపరెడ్డిని యాది చేసుకోన్రి. తెలంగాణల కవులే లేరన్నోళ్ల నోరు మూయించెటందుకు 354 మంది కవుల తోని 1934ల 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిండు. ప్రతిభ ఎక్కడుందో చూపిచ్చిండు. 1953ల కన్ను మూసిండు. 1955ల కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి తెలుగు పురస్కారం ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. మనిషి పోయిన రెండేండ్లకు!

దాశరథి కృష్ణమాచార్య. నిజాం జైలుకు పోయిన కవి. 1977ల ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవిని చేసిన్రు. 1983ల కొత్త సర్కారు వచ్చి ఆ పదవినే తీసేసింది. కవిత్వం తగ్గిందా? లేదు. కుర్చీల కూసున్నోళ్లు మారిన్రు, అంతే. పాలకుని దయ మీద నిలబడ్డ గౌరవం పాలకుని తోనే లేచిపోతది. ఇయ్యాల ఆయన పేరు మీద రాష్ట్రం ఏటా ఇచ్చే పురస్కారం 1,01,116 రూపాయలు. కాళోజీ పేరు మీద ఇచ్చేది గూడ అంతే. ఒక కవి జీవిత కాలం రాతకు లక్షా వెయ్యి నూట పదహార్లు, ఒక వేదిక మీది ఉత్సాహానికి కోటి. ఈ రెంటి నడుమ ఏ కొలత ఉందో చెప్పే పెద్దమనిషి ఎవరన్న ఉన్నరా?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దిక్కు కూనవరం సకిని రామచంద్రయ్య. సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పలికించే కోయ దొర. 2022ల పద్మశ్రీ. 2024 జూన్‌ల కన్ను మూసిండు. ఆదివాసుల గుస్సాడీకి దేశమంతట పేరు తెచ్చిన మర్లవాయి కనకరాజు. 2021ల పద్మశ్రీ. 2024 అక్టోబర్‌ల కన్ను మూసిండు. ఏండ్ల తరబడి ఎవరికీ కానరాని మనుషులు ముసలితనంల కానొచ్చిన్రు. నాలుగేండ్లు తిరగకముందే పోయిన్రు. ఇంకో సంగతి చాలమందికి ఎరుక లేదు. పద్మ పురస్కారాలకు పైసలు ఉండయ్. పతకం, పత్రం, అంతే. పేరు ముంగట బిరుదు లెక్క పెట్టుకొనుడు గూడ నిషేధం. గోడకు పతకం వేలాడుతది, పొయ్యి మీద ఎసరు పెట్టదు.

2024 డిసెంబర్ 9న తెలంగాణ పాటకు, మాటకు ప్రాణం పోసిన తొమ్మిది మందికి కోటి రూపాయలు, 300 గజాల జాగ, తామ్రపత్రం ప్రకటించిన్రు. ఇది నిజంగ మంచి పని. మేం మెచ్చుకుంటం. గని ఆ తొమ్మిది మందిల బండి యాదగిరి, గూడ అంజయ్య, గద్దర్ అప్పటికే లేరు. గూడ అంజయ్య 2016ల పోయిండు, గద్దర్ 2023ల పోయిండు. రాష్ట్రం వచ్చినంక అంజయ్యన్న రెండేండ్లు, గద్దరన్న తొమ్మిదేండ్లు మన నడుమనే ఉన్నరు గదా! అప్పుడు ఏమైంది? అదే జాబితాల ఉన్న అందెశ్రీ సంగతి చూడున్రి. రేబర్తి మనిషి. బడి ముఖం చూడక గొర్లు కాసిండు, తాపీ పని చేసిండు. ఆయన రాసిన పాట ఉద్యమంల ప్రతి సభకు మొదటి పాట. రాష్ట్రం వచ్చినంక అది రాష్ట్ర గీతం కావడానికి పదేండ్లు పట్టింది. 2024 జూన్ 2న అయింది. 2025 నవంబర్ 10న ఆయన పోయిండు. పదేండ్ల ఆలస్యం, ఏడాదిన్నర గౌరవం.

ఆలస్యం ఎందుకైతది? పురస్కారం తీసుకునేటోని అవసరం చూసి ఇయ్యరు గనుక. ఇచ్చేటోని అవసరం చూసి ఇస్తరు గనుక!

తామ్రపత్రం ఒకప్పుడు హక్కు

తామ్రపత్రం అన్నరు గదా, ఆ మాట మీద కొంచెం ఆగుదాం. మన ఆశ్రిత కులాల కళాకారుల ఇండ్లల్ల ఇప్పటికి గూడ కొన్ని చోట్ల పాత రాగిరేకులు ఉంటయ్. పటం కథ చెప్పేటోళ్ల దగ్గర ఉంటయ్, ఇంకా కొన్ని కులాల కాడ ఉంటయ్. వాటి మీద ఏముంటది? పలానా కులపోళ్లు పలానా కళాకారులకు ఏటేటా ఇంత ఇయ్యాలె అని. ఏ ఊరు ఎవరి మిరాశో లెక్క ఉంటది. చిందోళ్లకు ఊర్లు పంచి ఉంటయ్, ఒగ్గోళ్లకు ఊర్లు పంచి ఉంటయ్. పంట చేతికి వచ్చినంక మేళం ఊర్లె దిగితే గింజలు కొలవాల్సిందే. అది భిక్షం కాదు, బహుమతి కాదు. అది వాళ్ల హక్కు.

మేం ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకుంటలేం. ఆ పద్ధతిల కులం ఉంది, అంటు ఉంది, అవమానం ఉంది. డక్కలోళ్లను అంటరానోళ్లకే అంటరానోళ్లను చేసిన లోకం అది. కళను కులానికి కట్టేసిన ఆ తాడు తెగాలె, తెగింది. గని దాంతో పాటే ఏడాదికి ఒకసారి ఇంటికి వచ్చే గింజలు గూడ తెగినయ్. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, మిరాశి పోయింది. ఆ జాగల సర్కారు నిలబడాలె గదా? నిలబడ్డది. ఎట్ల? ఒక శాలువా, ఒక ఫోటో, ఎప్పుడో ఒక కోటి. పాత రాగిరేకు మీద హక్కు రాసి ఉండేది. కొత్త తామ్రపత్రం మీద ఏ హక్కు రాసిన్రు?

కోటి లెక్క

కొందరు అంటున్నరు. మొగిలయ్యకు కోటి ఇస్తే ఉంచుకోలేకపోయిండు, ఇగ మేమేం చేస్తం? అని. ఈ మాట వింటే మాకు రక్తం మరుగుతది. అవార్డు పైసలు ఏం చేసినవని ఏ హీరోనన్న అడిగిన్రా? జీవితమంత ఇల్లు లేని మనిషి చేతికి డెబ్బై ఏండ్ల దగ్గర ఒక్కపారే పైసలు వస్తే ఏం చేస్తడు? బిడ్డల పెండ్లి చేస్తడు, జాగ కొంటడు, గోడలు లేపుతడు. మీరైతే ఏం చేస్తరు? మేమైతే ఏం చేస్తం? ఆయన తప్పు ఏం లేదు. ఇచ్చే పద్ధతిలనే తప్పుంది.

లెక్క కడదాం. ఉద్యోగ మిత్రులకు ఈ లెక్క మాకన్న బాగ వస్తది. కోటి రూపాయలు బ్యాంకుల వేసి ఏడు శాతం వడ్డీ వచ్చిందనుకోన్రి. ఏడాదికి ఏడు లక్షలు. నెలకు 58 వేల పైచిలుకు. అంటే ఐదుగురు కళాకారులకు నెలకు పదివేల చొప్పున, అసలు పైస కదలకుండ, వాళ్లు బతికున్నన్ని రోజులు ఇయ్యొచ్చు. వాళ్లు పోయినంక ఇంకో ఐదుగురికి ఇయ్యొచ్చు. మొగిలయ్యను కూలికి పంపింది కోటి ఒడిసిపోవుడు ఒక్కటే కాదు, నెలకు పదివేలు ఆగిపోవుడు. కోటి పత్రికల మొదటి పేజీకి వస్తది. నెలకు పదివేలు ఏ పేజీకి రావు. అందుకే పాలకులకు కోటి ముద్దు, పదివేలు చేదు.

ఇంకో దేశం చూద్దాం. జపాన్‌ల 1950ల నుంచి ఒక పద్ధతి ఉంది. కుండలు చేసేటోళ్లు, నేసేటోళ్లు, పాత నాటకాలు ఆడేటోళ్లు, ఇట్ల చేతిల విద్య ఉన్న పెద్దలను దేశం గుర్తిస్తది. జనం వాళ్లను బతికున్న జాతి సంపద అంటరు. ఏడాదికి 20 లక్షల యెన్లు ఇస్తరు. ఊరికే ఇయ్యరు. ఆ విద్యను ఇంకొకరికి నేర్పాలె. ఇదీ షరతు. మనిషి పోతే విద్య పోవద్దు, ఇదీ ఉద్దేశం. శాలువా కప్పి ఇంటికి పంపే పద్ధతి కాదది.

మన దగ్గర ప్రయత్నం జరగలేదని అంటలేం. రాష్ట్రం వచ్చినంక తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చిన్రు. పాటకు జీతం ఇచ్చుడు చిన్న సంగతి కాదు. గని వాళ్లతోని ఎక్కువ పాడిపిచ్చింది ఏంది? పథకాల పాటలు. ఎవరు కుర్చీల ఉంటే వాళ్ల పథకం. ధూంధాంల సర్కారును నిలదీసిన గొంతు సర్కారు కరపత్రమైంది. జీతం ఇయ్యున్రి, గొంతు మాత్రం కొనకున్రి.

కాయితం లేని కళ

ఇగ మా కండ్ల ముంగట జరిగిన ముచ్చట ఒకటి చెప్తం. ఉద్యమ కాలంల మా విద్యార్థి సభలకు డప్పు కొట్టిన ఒక అన్న ఉన్నడు. వానల, చలిల, రాత్రి పన్నెండు దాటినా దరువు ఆపని మనిషి. ఈ మధ్య ఆయనను తీసుకొని కళాకారుల పింఛన్ కోసం ఒక ఆఫీసుకు పోయినం. అక్కడున్న సారు అడిగిండు. ప్రదర్శనల ఫోటోలు ఉన్నయా? పత్రికల్ల వచ్చిన కటింగులు? సన్మాన పత్రాలు? పెద్దల సిఫారసు లేఖ?

అన్న నవ్విండు. సంచిల నుంచి డప్పు తీసి బల్ల మీద పెట్టి, గిదే సారూ నా కాయితం అన్నడు.

ఫైలు పక్కకు పోయింది. మేం తల దించుకొని బయటికి వచ్చినం. ఎందుకు దించుకున్నం? ఆ కటింగులు లేకుండ చేసింది ఎవరు? పత్రికలోళ్లమైన మేమే గదా! సభ వార్త రాసినప్పుడు నాయకుల పేర్లు వరుస పెట్టి రాసినం. చివరికి, కళాకారుల ఆటపాటలు అలరించాయి అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నం. పేరు రాయలేదు. ఇయ్యాల సర్కారు ఆయన పేరును మా పాత పత్రికల్ల వెతుకుతంది. సర్కారును తిట్టే ముందు మా చెంప మేం వాయించుకోవాలె.

ఉద్యోగ మిత్రులారా, మీకు గూడ ఒక మాట. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. మీరు జీతాలు పణంగ పెట్టిన్రు, కాదనం. ఆ శిబిరాలల్ల పొద్దంత పాడినోళ్లకు పణంగ పెట్టడానికి జీతమే లేకుండె. రాష్ట్రం వచ్చినంక 2014ల మీకు తెలంగాణ ఇంక్రిమెంట్ వచ్చింది. న్యాయంగనే వచ్చింది. మీ సంఘాలు అడిగినయ్ గనుక వచ్చింది. డప్పు కొట్టినోనికి సంఘం లేదు, అడిగే నోరు లేదు. పాటకు నోరుంది గని పింఛన్‌కు నోరు లేదు! ఆ నోరు మనం కావద్దా?

ఎవరికి ఇయ్యాలె?

మా మాట సూటిగ చెప్తం. అంగడిల ధర పలికే కళకు అంగడే పైసలు ఇస్తది. సర్కారు పెద్ద పైసలు అంగడి ముఖం తిప్పుకున్న కళకు పోవాలె. ఎవరు పోతే ఒక విద్య పోతదో వాళ్లకు పోవాలె. చేతుల బలం ఉన్నప్పుడే, గొంతుల జీవం ఉన్నప్పుడే పోవాలె.

దానికి నాలుగు పనులు కావాలె. ఒకటి, నగదు ఒక్కపారి మూట కావద్దు. జీవితాంతం నెల నెలా వచ్చే హక్కు కావాలె, చట్టంల రాసిన హక్కు. ప్రభుత్వం మారినా ఆగని హక్కు. రెండు, ప్రతి కళాకారుని వెంట ఇద్దరు శిష్యులు, వాళ్లకు గూడ భృతి. కులం చూడొద్దు, ఆడ మగ చూడొద్దు, ఆసక్తి చూడాలె. మూడు, దరఖాస్తుల కోసం ఎదురుచూసుడు బంద్ కావాలె. సురవరం 1934ల చేసిన పని ఇయ్యాల సర్కారు చెయ్యాలె. విశ్వవిద్యాలయాల విద్యార్థులను జిల్లాలకు పంపున్రి. ఎవరి ఇంట్ల ఏ వాద్యం ఉందో, ఎవరి నోట్లె ఏ కథ ఉందో రాయున్రి. నాలుగు, కమిటీల సగం మంది ఆ కళలు చేసేటోళ్లే ఉండాలె. ఎవరిని ఎందుకు ఎంపిక చేసిన్రో బయట పెట్టాలె.

ఇవి కొండ మీది కోతులు కావు. ఒక్క సినిమా అవార్డుల పండుగకు చూపిన ఉత్సాహంల సగం చాలు.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! సర్కారు చేసేదాక ఆగకున్రి. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఊర్లె పాత డప్పు ఎవరి ఇంట్ల ఉందో చూడున్రి. ఆ పెద్దమనిషి పేరు, ఇంటి పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నడో, ఎవరికి నేర్పిండో రాసి మాకు పంపున్రి. ఫోన్ల పాట రికార్డు చెయ్యున్రి. పేర్లు మేం అచ్చు వేస్తం. ఈపారి వాళ్ల పేర్లు వార్త చివర కాదు, మొదట రాస్తం. రేపు ఏ ఆఫీసుల ఏ సారు కటింగు అడిగినా, బల్ల మీద డప్పు పక్కన ఈ పత్రిక పెట్టాలె.

పద్మశ్రీ మళ్లీ పార పట్టొద్దు. అది చూసుకునే పని మనది.